మరోదా రైలుపట్టా ఆత్మకథ

భిలాయి ఉక్కు కర్మాగారంలో పుట్టి, దుర్గ్–దల్లీ రాజహరా మార్గంలో మరోదా స్టేషను దగ్గర కంకర మీద స్థిరపడిన రైలుపట్టా ఆత్మకథ ఇది. చెప్పుకునేది తన కథే అయినా పట్టా ‘నేను’ అనదు. జోడీ లేకుండా ఏ పట్టా మీదా బండి నడవదు గనక ఆ మాట దానికి అలవాటు కాలేదు.

పట్టా పుట్టుక దల్లీ రాజహరా కొండల ఎర్ర ఖనిజంతో మొదలవుతుంది. సున్నపురాయి నందిని గనులది. కర్మాగారం తాగే నీళ్లు తాందులా జలాశయం నుంచి కాలువ గుండా మరోదా చెరువులకు వచ్చి చేరినవి. ఆ కర్మాగారం కట్టడానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మరుసటి ఏడే రైలుపట్టాల మిల్లు నడక మొదలైంది. ఆ కొలిముల దగ్గర పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. అందుకే ఈ చుట్టుపక్కల సెక్టార్లలో హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ తెలుగూ వినిపిస్తుంది.

ఫర్నేసు నుంచి కారే ఇనుములో కర్బనం నాలుగు శాతం దాకా ఉంటుంది. అది పెళుసు, దెబ్బకు పగులుతుంది. కన్వర్టరులో ఆక్సిజన్ ఊది ఆ కర్బనాన్ని కాల్చేస్తారు. పట్టా ఉక్కులో మిగిలేది 0.6 నుంచి 0.8 శాతం. అంతకు తగ్గితే చక్రాల కింద త్వరగా అరిగిపోతుంది, పెరిగితే విరుగుతుంది. ఎర్రగా కాగిన దిమ్మెను రోలర్ల మధ్య మళ్లీమళ్లీ నొక్కితే తల, నడుము, పాదం ఏర్పడతాయి.

పట్టా గర్వపడేదంటూ ఉంటే ఆ ఆకారం గురించే. మీటరుకు అరవై కిలోల బరువుండే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు, పాదం వెడల్పు 150, నడుము మందం పదహారున్నర మాత్రమే. చక్రం ఒరుసుకునేది తలనే కాబట్టి అరుగుదలకు అక్కడ ఉక్కు దండిగా ఉంటుంది. బరువు స్లీపరు మీద పరుచుకోవాలి కాబట్టి పాదం వెడల్పు. ఈ రెంటినీ దూరంగా పట్టి ఉంచడమే నడుము పని. అలా దూరంగా ఉన్నందువల్లే తక్కువ ఉక్కుతో ఎక్కువ వంపును తట్టుకోగలుగుతుంది. ఈ చదునుపాదం పట్టాను అమెరికా ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్స్ 1830లో ఓడ ప్రయాణంలో చెక్కతో చెక్కి చూసుకున్నాడని చెబుతారు. వేల్స్‌లోని డౌలైస్ కార్ఖానాలో దాన్ని తయారు చేయించాడు. తర్వాత ఉక్కు మారింది, కొలతలు మారాయి, రూపం పెద్దగా మారలేదు. రూపకల్పన గురించి రాసేవాళ్లు కుర్చీలకూ టీకెటిల్‌లకూ ఇచ్చే చోటులో పావువంతైనా పట్టాకు ఇవ్వకపోవడం అన్యాయమే.

మిల్లు నుంచి బయటపడ్డ పట్టా చల్లారేటప్పుడు వంకర తిరుగుతుంది. బరువైన తల నెమ్మదిగానూ, పలచని పాదం తొందరగానూ చల్లబడటమే కారణం. అందుకని ముందే ఎదురు వంపు ఇచ్చి, చల్లారాక రోలర్లతో సరిచేస్తారు. ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్ అంతకంటే ప్రమాదం. లోలోపల సన్నని నెర్రెలు తెచ్చేది అదే. కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి ఆ వాయువును లాగేస్తారు. నడుము మీద ఉబ్బెత్తు అక్షరాల్లో కర్మాగారం పేరు, ఉక్కు రకం, తయారైన నెల, ఏడు ఉంటాయి. స్టేషనులో బండి కోసం ఎదురుచూసేవాళ్లు వంగి చూస్తే ఏ పట్టా వయసైనా తెలిసిపోతుంది.

పాత పట్టాలు 13 మీటర్లవి. అతుకు అతుకుకీ వదిలిన ఖాళీ మీద చక్రం పడితేనే టకటక చప్పుడు. భిలాయి కొత్త మిల్లులో 2017 నుంచి 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా వస్తోంది. రెండింటిని అతికితే 260 మీటర్లు, పదిహేను టన్నులకు పైమాటే. అది వరసగా ఎన్నో వ్యాగన్ల మీద పరుచుకుని, మలుపుల్లో వంగుతూ ప్రయాణిస్తుంది. ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే అంత పట్టా తొమ్మిది సెంటీమీటర్లు సాగాలి. క్లిప్పులు, స్లీపర్లు, కంకర సాగనివ్వవు. సాగలేని సాగుదల ఒత్తిడిగా లోపలే నిలుస్తుంది. కంకర పలచబడ్డ చోట మే నెలలో లైను పక్కకు జరిగితే కారణం అదే.

మరోదా దగ్గర పట్టా మీద ప్రయాణికుల బండ్లతోపాటు రాజహరా ఖనిజం బండ్లు కూడా వెళ్తాయి. రేపటి పట్టాల ముడిసరుకును నేటి పట్టా మోస్తుందన్నమాట. బరువు కింద పుట్టే నెర్రెలు పైకి కనబడవు. అందుకే అల్ట్రాసోనిక్ యంత్రాన్ని పట్టా వెంట తోసుకుంటూ వెళ్తారు. శబ్ద తరంగం మధ్యలో వెనక్కి వచ్చిందంటే అక్కడ లోపముందని లెక్క. ఆ ముక్కను కోసి తీసేసి, కొత్త ముక్క అతుకుతారు.

తీసేసిన పట్టాలు కొన్ని లైను పక్కన కంచె స్తంభాలవుతాయి, ఎక్కువభాగం తుక్కు వేలంలో అమ్ముడై మళ్లీ కొలిమి చేరతాయి. తెలుగు పల్లెల్లో కొన్ని పట్టా ముక్కలకు ఇంకో ఉద్యోగం దొరికింది: తీగతో చూరుకో చెట్టుకొమ్మకో వేలాడి బడిగంట అయ్యాయి. ఇనుప కడ్డీతో కొడితే ఊరి చివరిదాకా వినిపించే ఆ మోత ఉక్కులో నెర్రె లేనంత కాలమే. పగులు పట్టిన ముక్క డొల్లగా మోగుతుంది. దాన్ని దించి ఇంకోటి కడతారు.