నా ఒంటి నలుపు

హైదరాబాద్‌లో ఈ వంటింటి అరలో నా పక్కన నాలుగు డబ్బాలుండేవి. ఒకదాంట్లో ప్రొటీన్ పొడి, ఇంకోదాంట్లో ఎండుటాకుల పచ్చపొడి, మూడోది జుట్టు కోసం బయోటిన్, నాలుగోది రోజుకొకటి మింగే మల్టీవిటమిన్. నేను ఇనుప మూకుణ్ణి. ఈ పిల్ల ఉద్యోగానికి వస్తుంటే వాళ్ళ అమ్మమ్మ నన్ను పాత చీరముక్కలో చుట్టి, పాలకొల్లు దగ్గరి పల్లెటూరి నుంచి వెంట పంపింది. వచ్చాక ఏడాదిన్నర పాటు నా కింద మంట వెలగలేదు. నా అడుగు గుండ్రం, ఆమెది ఇండక్షన్ పొయ్యి. దాని మీద నేను కుదురుగా కూర్చోలేను.

కొలిమిలో ఎర్రగా కాలి, సమ్మెట దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. అమ్మమ్మ కాపురానికి వచ్చిన ఏడు నన్ను సంతలో కొన్నారు. ఆమె నన్ను మూడు రోజులు గంజిలో నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమి, నూనె రాసి, ఉల్లిపాయ ముక్కలు నల్లగా మాడేదాకా వేయించి పారబోసింది. ఆ తర్వాతే కూర వండింది. నా ఒంటి నలుపు ఆనాటిది. కడిగితే పోయే మురికి కాదది. నూనె పొరలు పొరలుగా కాలి నాకు కట్టిన చర్మం.

ఆ ఇంట్లో శుభ్రమైన తిండంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. తోటకూరను మూడు నీళ్ళలో కడిగేది. మూడోసారి గిన్నె అడుగున ఇసుక కనిపిస్తే నాలుగోసారి. బియ్యాన్ని చేటలో చెరిగి, మట్టిబెడ్డలూ వడ్లగింజలూ ఏరేది. ఆషాఢంలో మునగాకు, పెరట్లో కాసిన ఆనపకాయ, కాలవ చేప, వారానికి నాలుగు రోజులు పప్పు. పొలానికీ పొయ్యికీ మధ్య పెద్ద దూరం ఉండేది కాదు. క్లీన్ ఈటింగ్ అని ఇప్పుడు పిల్లలు అంటున్న మాటకు అసలు అర్థం అదేనని నా నమ్మకం. పంట రూపం పోని తిండి, ప్యాకెట్లు తక్కువ, ఉప్పూ చక్కెరా నూనే అదుపులో.

అయితే శుభ్రం అన్న మాట మోసం చెయ్యగలదు. మా ఇంటి రోకలి నాకంటే చాలా పెద్దది. బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత శుభ్రమని జనం అనుకున్న కాలం దానికి తెలుసు. మిల్లు పట్టిన పచ్చిబియ్యంలో తవుడు పోయింది, తవుడుతోపాటు బి1 విటమినూ పోయింది. మా ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు అలా కాళ్ళు పడగొట్టింది.

ఈ పిల్ల విషయంలోనూ ఆ మాటే దారి తప్పింది. మొదట చిప్స్, కూల్‌డ్రింకులు మానేసింది. సంతోషించాను. తర్వాత అన్నం మానేసింది. ఆ తర్వాత పప్పు వంతు, కడుపు ఉబ్బరమట. పాలు, గుడ్డు, చేప ఒక్కొక్కటే పళ్ళెంలోంచి దిగిపోయాయి. ఒకదానికి క్లీన్ అని పేరు పెడితే మిగిలినవన్నీ మైలపడిపోతాయి కాబోలు. చివరికి ఓట్స్, కీరదోస ముక్కలు, పది బాదంపప్పులు మిగిలాయి. వాటి మీద వెంటనే ఒక పెద్ద కప్పు కాఫీ. తగ్గినదాన్ని డబ్బాలు పూడుస్తాయని ఆమె ధీమా.

ఒక వేసవి రాత్రి నేను చూసింది మర్చిపోలేను. ఫ్రిజ్ తలుపు తీసి, ట్రేలోంచి ఐసుముక్కలు తీసుకుని కరకరా నమిలింది. మర్నాడూ అంతే. రోజుకు రెండు ట్రేలు. నా అంచు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడి నమిలేది, గోళ్ళు పాలిపోయి ఉండేవి. మా ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బలపాలు కొరకడం, పచ్చిబియ్యం బుక్కడం నాకు తెలుసు. నెత్తుట్లో ఇనుము తక్కువైనప్పుడు ఒళ్ళు అలా తిండి కానిదాన్ని కోరుతుంది. ఇనుముతో చేసిన నేను పక్కనే ఉన్నాను. నోరు లేదు.

మూడంతస్తులు ఎక్కేసరికి కళ్ళు తిరిగి పడిపోయాక గానీ రక్తపరీక్ష జరగలేదు. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము లెక్క, 6. డాక్టరమ్మ అన్న మాటను ఈ పిల్ల ఫోన్‌లో వాళ్ళమ్మకు చెబుతుంటే విన్నాను: “నువ్వు శుభ్రంగానే తింటున్నావమ్మా, సరిపడా తినడం లేదు.” బయోటిన్ బిళ్ళలు కొన్నాళ్ళు ఆపి రమ్మందట, అవి మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ పరీక్ష ఫలితాల్ని తారుమారు చేస్తాయి కాబట్టి. మల్టీవిటమిన్‌లో ఇనుము ఉంది గానీ కొంచెమే. ఆ కాస్తను కూడా కాఫీ పట్టి ఉంచింది.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. నాలో పులుసు ఉడికితే నా ఒంటి ఇనుము కొంత అందులోకి దిగుతుంది. టమాటా, చింతపండు, గోంగూర నన్ను ఎక్కువ కరిగిస్తాయి. అందుకే పులుపు వండితే వెంటనే వేరే గిన్నెలోకి తియ్యాలి, లేకపోతే కూర నల్లబడి లోహపు రుచి వస్తుంది. నూనెలో వేయించే కూరల్లోకి దిగేది తక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదీ తిన్నదాంట్లో ఒంటికి పట్టేది కొద్దిపాలేనని లెక్కగట్టి. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే పట్టేది పెరుగుతుంది. కాఫీ, టీ భోజనానికి గంట అటూ ఇటూ జరపమని అదే సంస్థ 2024లో చెప్పింది. ఒంటి కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దని కూడా అప్పుడే చెప్పింది. ఇవన్నీ నావైపు మాటలే. కానీ 8.4కి పడిపోయిన మనిషిని నేను నిలబెట్టలేను. ఆ పని బిళ్ళది.

బిళ్ళ అంటే చిన్నచూపు నాకు లేదు. మా ప్రాంతం మనిషే ఒకాయన అందుకు కారణం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. బొంబాయిలో కడుపుతో ఉన్న మిల్లు కార్మికుల రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు ఈస్టు సారంతో తగ్గించినప్పుడు అందులో పనిచేసినది ఏమిటో ఎవరికీ తెలియదు. దాన్నే అమెరికాలో సుబ్బారావు గారి బృందం 1945లో తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం. ఇవాళ ఊరి నర్సు ఇచ్చే ప్రతి ఇనుము బిళ్ళలోనూ అది ఉంటుంది. గర్భిణులకు ఎర్రవి, పదేళ్ళు దాటిన బడిపిల్లలకు నీలివి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమంది ఉన్న చోట ఆ బిళ్ళ అవసరం. అలాగే పాలు కూడా ముట్టని పూర్తి శాకాహారులకు బి12 బయటినుంచి రావాలి, మొక్కల్లో అది దొరకదు. పరీక్షలో లోటు తేలినవాళ్ళకు డి విటమిన్. జుట్టు కోసం, మెరుపు కోసం ఊరికే కొనే డబ్బాల గురించి నేనేమీ చెప్పలేను, వాటి పక్కన ఏడాదిన్నర ఉండి ఆమె జుట్టు రాలడం చూశాను, అంతే.

బిళ్ళలు మొదలయ్యాయి. మొదటి వారం వికారం, ఆపేద్దామనుకుంది. డాక్టరమ్మ రోజు మార్చి రోజు వేసుకోమంది. మూడో వారానికి ఐసు ట్రేలు నిండుగానే ఉన్నాయి. ఒక ఆదివారం చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చి నన్ను ఎక్కించింది. ఏడాదిన్నర తుప్పు గీకి, గంజి పోసి, నూనె రాసి, ఉల్లిపాయ వేసి మాడ్చింది. ఎవరు నేర్పారో ఏమో, వాళ్ళమ్మమ్మ చెయ్యి తిరిగినట్టే తిప్పింది. ఆ వేళ తోటకూర పప్పు. అన్నంలో కలుపుకుని నిమ్మచెక్క పిండుకుంది.

మొన్న అమ్మమ్మ వచ్చింది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.8. దాచుకున్న ఇనుము నిండాలంటే ఇంకో మూడు నెలలు వాడాలి. కిటికీలో బిళ్ళల అట్ట చూసి అమ్మమ్మ అడిగింది. “ఇవేమిటే? నా మూకుడు ఉండగా మందులెందుకు?”

పిల్ల చెప్పింది. వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని, భయపడక్కర్లేదని కూడా చెప్పింది. అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు.

“మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ ఇచ్చింది ఇవే. నల్లగా పడిందని హడలిపోయి దడి అవతల పారేశానే. ఆ ఏడంతా ఆయాసమే.”

ఆ ఏడు నాకు గుర్తుంది. కూర కలుపుతూ మధ్యలో గరిటె వదిలేసి గోడకు చేరగిలబడేది. నాలో కూర అడుగంటేది.

పిల్ల గ్లాసులో నీళ్ళు పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ అట్ట అందుకుని, వెలుగుకు పెట్టి చూసి, ఒక బిళ్ళ చిదిమి మనవరాలి అరచేతిలో పెట్టింది. “మింగు. కాఫీ గంట తర్వాత ఇస్తా.”