ఊఁ కొట్టే హక్కు పోయింది

భగవంతుడు కళ్ళకు రెప్పలిచ్చాడు, నోటికి పెదవులిచ్చాడు. చెవుల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు తీరిక చాల్లేదు కాబోలు, తలుపుల్లేకుండానే వదిలేశాడు. బ్రహ్మచారికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. తంటా అంతా సంసారికే. పొద్దున్నే మిక్సీ, దాని మీద కుక్కరు, దాని మీద టీవీలో వార్తలు, వార్తల మీద మా అత్తగారి వ్యాఖ్యానం, వీటన్నిటి మీదా "నేను చెప్పేది వింటున్నారా?" అనే ప్రశ్న. ఇంత రొదలో పేపరు చదువుకుని, కాఫీ తాగి, ఆఫీసుకు పోగలుగుతున్నానంటే అది నా సాధన. ఆ సాధన పేరు ఊఁ కొట్టడం.

ఊఁ కొట్టడమంటే తేలికనుకుంటారు తెలియనివాళ్ళు. చెప్పేవాళ్ళు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో కనిపెట్టి, పేపరులోంచి తలెత్తకుండా, ముందూ వెనకా కాకుండా సరిగ్గా అక్కడ వెయ్యాలి. మాట ప్రశ్నతో ఆగితే కాస్త సాగదియ్యాలి. ఎవరో పోయారని చెబుతుంటే గొంతు తగ్గించాలి. ఖర్చు సంగతైతే అసలు వెయ్యకూడదు, దగ్గాలి. ఈ విద్యలో ఆరితేరి, చెవిన పడ్డ ఒక్క ముక్కనూ లోపలికి పోనివ్వకుండా సంసారం ఈదుకొస్తున్నవాణ్ణి. అలాంటి నన్ను బెంగళూరులో ఒక మ్యూజియానికి తీసుకెళ్ళి ఎందుకూ కొరగాకుండా చేశారు. నా ఫిర్యాదు ఇదీ.

ఎవరి మీదో కూడా ముందే చెప్పేస్తాను. మ్యూజియం మీద కాదు. అది తన పని తాను చక్కగా చేసింది. చేసి ఉండకపోతే నాకీ గతి పట్టేదే కాదు. ఫిర్యాదంతా మా ఇంటిల్లిపాది మీద.

వేసవి సెలవులకు వైజాగునుంచి వెళ్ళి మా బావమరిది ఇంట్లో దిగాం. అక్కడ జేపీ నగర్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అని సంగీతానికే ఒక మ్యూజియం ఉందనీ, 2019లో తెరిచారనీ, తాకి, మోగించి, విని తెలుసుకునే సంగీత మ్యూజియం మన దేశంలో అదే మొదటిదనీ మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. నేను ఊఁ అన్నాను. దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టి టిక్కెట్లు కొనేశారు.

మ్యూజియం అంటే నాకు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమే. అద్దాల బీరువాలు, 'తాకరాదు' అనే బోర్డులు, కాళ్ళు లాగితే కూర్చోడానికి ఒక బల్ల. అక్కడా శబ్దం లేకపోలేదు. ఆ పెద్ద గడియారంలోంచి గడ్డం బొమ్మ గంటకోసారి బయటికి వచ్చి, గంటలు కొట్టి, లోపలికి పోతుంది. చూడవచ్చిన జనం ఎవరి దారిన వాళ్ళు లేచిపోతారు. మర్యాద తెలిసిన శబ్దం అంటే అదీ. వేళకు వచ్చి, పని చూసుకుని, తలుపేసుకుని పోవాలి.

ఈ బెంగళూరు మ్యూజియం ఆవరణలో ఉన్నది శబ్దాల తోట. ఆరోవిల్‌లోని స్వరం సంస్థవాళ్ళు చేసిన వాద్యాలు ఆరుబయటే నిలబెట్టి ఉన్నాయి. రాళ్ళు, లోహపు గొట్టాలు, గంటలు. వచ్చినవాళ్ళు వాటిని కొట్టాలి, రుద్దాలి, మోగించాలి. కొట్టకుండా ఊరికే నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. 'ముట్టుకోకు', 'గోల చెయ్యకు', 'అది బొమ్మ కాదురా' అనే మూడు సూత్రాలతో పిల్లల్ని ఇంతవాళ్ళను చేశాను. ఆ మూడూ గేటు దగ్గరే చెల్లకుండా పోయాయి. మా అబ్బాయి ఒక రాతిపలకను కొట్టి, చెవి ఆనించి, "నాన్నా, రాయి ఇంకా పలుకుతోంది!" అని పిలిచాడు. అలవాటు కొద్దీ ఊఁ అన్నాను. వాడు నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి చెవి రాతికి ఆనించాడు. నిజంగానే పలుకుతోంది. మోత అయిపోయిందని మనం వదిలేశాక కూడా లోపల సన్నగా చాలాసేపు సాగుతుందని ఆ రోజే తెలిసింది. తెలియకపోతే నాకేం లోటు వచ్చింది?

పక్కనే ఇంకో రాయి. దానికి తల పట్టేంత గుంట తొలిచారు. అందులో తల పెట్టి గొంతులో సన్నగా కూనిరాగం తియ్యాలట. మా అత్తగారు ముందు పెట్టారు. కొంగు సర్దుకుని, తల దూర్చి, ఏదో కీర్తన ఎత్తుకున్నారు. బయటికి వచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. "బాబూ, మీరూ పెట్టండి" అన్నారు. అత్తగారి మాట, పైగా బావమరిది ఎదుట! పెట్టాను. నాకు తెలిసిన రాగమేదీ లేదు కాబట్టి నాకొచ్చిన ఊఁ నే అన్నాను. ఒకచోట గొంతు కుదిరేసరికి రాయి అందుకుంది. పుర్రె, పళ్ళు, దవడ, అన్నీ జుమ్మన్నాయి. నేనెన్నడూ లెక్కలోకి తీసుకోని ఊఁ, పదింతలై నా నెత్తినే పడింది. గుంట వెడల్పుకు తగిన స్థాయి దొరికితే లోపలి గాలి మన గొంతుతో పాటు ఊగుతుందనీ, అందుకే అంత మోత అనీ మా అమ్మాయి విడమర్చి చెప్పింది. అదంతా విన్నాను. పతనం అక్కడే మొదలైంది.

లోపల గదుల్లో మరో రకం చిక్కు. దేశం నలుమూలల వాద్యాలు వరసగా పెట్టారు; తెర మీద వేలు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే వాటి పలుకు వినిపిస్తుంది. మా వాళ్ళంతా ఒకేసారి తగిలించుకున్నారు. అబ్బ, ఎంత ప్రశాంతత! అనుకున్నంత సేపు పట్టలేదు. చెవుల్లో వాద్యం మోగుతున్నవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదైందో తమకు తెలియదు కదా. "ఏమండీ! ఇటు రండి! మన వీణ!" అని మా ఆవిడ పెట్టిన కేక గది చివరిదాకా పోయింది. నాకన్నా ముందు ఇంకో ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు.

మన వీణ అనేదానికి ఒక కథ ఉంది. మా ఆవిడది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన ఊరు. ఆ ఊళ్ళో ఆడపిల్లకు సంగీతం రాకపోవడం కష్టం. పెళ్ళికి పుట్టింటివాళ్ళు బొబ్బిలి వీణ ఇచ్చారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి, అతుకు లేకుండా చేసే ఏకాండి వీణ. మైనంలో కూర్చిన 24 మెట్లు. దాన్ని నేను పదిలంగా గుడ్డ చుట్టి బీరువా మీద పెట్టించాను. అది అక్కడ ఎవరి జోలికీ పోకుండా, పైన రెండు సూట్‌కేసుల్ని మోస్తూ, ఇంటికి ఎంతో ఉపయోగపడుతోంది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి తంబురా ముందు మా అత్తగారు చేతులు జోడించారు. ఆవిడకు తెల్లవారడమంటే దేవస్థానం రికార్డుల్లో ఎం.ఎస్. పాడిన అన్నమయ్య కీర్తనలే. మా ఆవిడ పిల్లలకు తంబురా సంగతి చెప్పడం మొదలుపెట్టింది: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అని నాలుగు తీగలు, తీగకూ గుర్రానికీ మధ్య ఒక నూలుపోగు, ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే చప్పగా ఉన్న తీగ ఒక్కసారిగా ఝుమ్మంటుంది, దాన్ని జీవ అంటారు. ఆ పోగు ఎలా జరపాలో వేళ్ళతో గాలిలో పట్టి చూపించింది. ఇవన్నీ ఆవిడకు తెలుసునని నాకు తెలియదు. చెప్పే ఉంటుంది, నేను ఊఁ కొట్టే ఉంటాను.

ఆ మ్యూజియంలో నాకు నచ్చినవి రెండు. ఒకటి బిస్మిల్లాఖాన్ షెహనాయి. భారతరత్న అందుకున్న ఆ చేతుల్లో ఎంత పలికిందో గాని, ఇప్పుడు నోరు మెదపకుండా ఉంది. ఇలాంటి వస్తువులే కదా మ్యూజియంలో ఉండాల్సింది! రెండోది గ్రామఫోను రోజుల సంగతి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డుకు పాడినప్పుడు పళ్ళెం మీద ఇంచుమించు మూడు నిమిషాలే పట్టేదట. గంటల తరబడి సాగే రాగాన్ని ఆవిడ ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడి, చివర్న తన పేరు చెప్పి ముగించేది. పళ్ళేలు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. పాడిందెవరో అక్కడివాళ్ళకు తెలియాలి కదా. ఎంత గొప్ప ఏర్పాటు! ఇంట్లో ఎవరేం చెప్పదలుచుకున్నా మూడు నిమిషాల్లో చెప్పి, పేరు చెప్పి, ఆపెయ్యాలని అక్కడికక్కడే ప్రతిపాదించాను. మా అత్తగారు, "అయితే ఆ లెక్కన రికార్డుకు రెండో వైపు కూడా ఉంటుంది కదా బాబూ" అన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

ఇంటికి వచ్చాక జరిగిన ఘోరాలు వేరు. మా అబ్బాయి పింగాణీ గిన్నెల్లో నీళ్ళు నింపి జలతరంగం పెట్టాడు. నీళ్ళు ఎక్కువ పోసిన గిన్నెను కొడితే స్వరం కిందికి దిగుతుంది. అదే సీసాలో నీళ్ళు ఎక్కువ పోసి మూతి దగ్గర ఊదితే పైకెక్కుతుంది. ఒకచోట నీటి బరువుతో గిన్నె నెమ్మదిస్తుందట, ఇంకోచోట మిగిలిన గాలి తగ్గి చురుకవుతుందట. ఈ తేడా తేల్చడానికి ఇంట్లో ఉన్న గిన్నెలూ సీసాలూ అన్నీ హాలులోకి చేరాయి. నేను చట్టం తీశాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రంటే పదినుంచి ఆరు దాకా అని గట్టిగా చదివి వినిపించాను. వాడు ఫోనులో మీటరు పెట్టి అన్నీ కొలిచాడు. గిన్నెలు, మిక్సీ, టీవీ వరసగా అయ్యాక, వాటన్నిటినీ మించి ముల్లు ఎగబాకింది నేను నిబంధన చదివినప్పుడని తీర్పు చెప్పాడు.

అమ్మాయిది ఇంకో దారి. ఫ్రిజ్జు పక్కనున్న స్టెబిలైజరు రొద ఏ స్వరమో పట్టుకుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. లోపలి ఇనుము ఒక్కో మార్పుకు రెండుసార్లు బిగుసుకుని వదులుతుంది. కాబట్టి రొద 100 కంపనాలు. అది ఐదు శ్రుతి కింది షడ్జానికి ఇంచుమించు ఆనుకుని ఉందని తేల్చింది. మా అత్తగారు పాడేది సరిగ్గా ఐదు శ్రుతే! ఇంకేముంది, ఆవిడ ఫ్రిజ్జు పక్కన పీట వేసుకుని కీర్తనలు పాడుతున్నారు. ఆ స్టెబిలైజరు మార్చేద్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇప్పుడు దాని మీద చెయ్యి వేస్తే తంబురా విరగ్గొట్టినంత పాపం.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది అసలు సంగతి. చెవులు పనిచెయ్యడం మొదలయ్యాక ఆపడం నా వల్ల కావడం లేదు. పేపరు పట్టుకుని కూర్చుంటాను. అక్షరాలు కనబడతాయి, మాటలు వినబడతాయి. పక్కింటివాళ్ళ అబ్బాయికి సంబంధం కుదిరింది. గ్యాసు పొయ్యి ఒక బర్నరు సరిగ్గా వెలగడం లేదు. మా ఆవిడకు మోకాలు నొప్పి. ఇవన్నీ కొత్త వార్తలనుకుని అడిగితే ఇంట్లో అందరూ నన్ను ఎగాదిగా చూశారు. పోనీ పాత పద్ధతిలో ఊఁ అందామంటే అదీ సాగడం లేదు. మా ఆవిడ వెంటనే, "ఈ ఊఁ కింది స్థాయిలో ఉంది, మీరు వినలేదు" అంటోంది. అన్నన్ని రోజులు మోసపోయిన చెవికి శ్రుతి భేదం ఇంత చప్పున తెలిసిపోతుందా?

వీణ బీరువా దిగింది. సూట్‌కేసులకు చోటు లేక నా కుర్చీ కిందికి చేరాయి. తీగలు మార్చాలని ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే అన్నదట. ఇప్పుడు మళ్ళీ అంది, ఇది ఖర్చు సంగతి కాబట్టి నేను దగ్గాను. దగ్గు ఏ స్వరమో చెప్పడానికి అమ్మాయి పక్కనే ఉంది. తీగలు కొన్నాను.

ఈ పరిస్థితుల్లో కోరేది ఒక్కటే. సిగరెట్టు పెట్టె మీద వేసినట్టు ఇలాంటి చోట్లకు వెళ్ళే సంసారుల టిక్కెట్టు మీద కూడా ఒక హెచ్చరిక వెయ్యాలి: లోపలికి వెళ్ళివచ్చినవారికి ఇంట్లోవాళ్ళ మాటలు వినబడే ప్రమాదం ఉంది. అంతకుమించిన పరిహారం అడగను. ఎందుకంటే వచ్చే సెలవులకు ఎక్కడికో అప్పుడే నిర్ణయమైపోయింది. హంపి. విఠలాలయంలో సరిగమలు పలికే రాతిస్తంభాలున్నాయట. దెబ్బతింటాయని వాటిని కొట్టడం ఇప్పుడు నిషేధించారని తెలిసి, అందరికన్నా ముందు నేనే సరేనన్నాను. రాళ్ళకు దొరికిన ఆ రక్షణ గృహస్థులకు ఎప్పుడు వర్తింపజేస్తారో అక్కడి కాపలావాణ్ణి అడిగి వస్తాను.