అడవి గింజల పద్దు: చెమట పట్టకుండా ఖర్చు చేసే పద్ధతి

కోరుకొండ మండలంలో గ్రావెల్ తవ్వి వదిలేసిన ప్రభుత్వ మెట్టల్ని మళ్లీ పచ్చబరచాలని, అందుకు ఇక్కడి చెట్ల గింజలే కొనాలని మీ కమిటీకి డబ్బు వచ్చిందా? శుభం. డబ్బు రావడమే పెద్ద పని, అది అయిపోయింది. ఇక ఖర్చు రాయడమే మిగిలింది. ఈ కింద చెప్పినట్టు చేయండి. మార్చి 31 రాత్రికి పద్దు ముగుస్తుంది, మీరు ఒక్క గట్టు కూడా ఎక్కనక్కర్లేదు.

1. గింజ రాలే కాలం దాటేదాకా ఫైలు కదపకండి. రేల కాయలు శివరాత్రి నాటికే నల్లబడి వేలాడతాయి. కానుగ, మద్ది, తపసి ఎండల్లో రాలతాయి. వేప, ఇప్ప తొలకరికి దిగుతాయి. కాబట్టి ఏప్రిల్లో కొత్త బడ్జెట్ అనండి, మేలో వడగాడ్పులనండి, జూన్‌లో బదిలీలనండి, జూలైలో వనమహోత్సవం హడావుడి అనండి. ఆగస్టులో టెండరు పిలవండి. అప్పటికి చెట్టు కింద ఏమీ ఉండదు కనుక ఏరించే పని, ఆరబోయించే పని, తూచే పని మొత్తం తప్పిపోతాయి. ఏరేవాళ్లకి ముందుగా అడ్వాన్సు ఇవ్వాలి కదండీ అని ఎవరైనా అడిగితే, రూల్సు ఒప్పుకోవండీ అని చెప్పి టీ చెప్పండి.

2. ఒక్క ఏడాదికి మించి ఎవరికీ మాట ఇవ్వకండి. మిగతావన్నీ మరిచినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

రంపచోడవరం, మారేడుమిల్లి వైపు గింజలు ఏరే ఆడవాళ్లకి "అయిదేళ్లపాటు ఏటా ఇన్ని కిలోలు, ఈ రేటుకి కొంటాం" అని కాగితం రాసిచ్చారనుకోండి. ఇక మీ పని అయిపోయినట్టే. వాళ్లు మంచి చెట్లకి గుర్తులు పెట్టుకుంటారు, కళ్లం చేసుకుంటారు, పుచ్చు గింజ ఏరి పారేస్తారు, ఏటా వేళకి సంచులు దించుతారు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ కొంటూ వస్తోంది. కొనేవాడున్నాడని తెలుసు కనుకే ఆ సరుకు కొండ దిగుతోంది. ఆ అలవాటు మద్ది గింజకి, ఏగిస గింజకి కూడా పాకితే మీకు ఏటా డబ్బు కట్టే బాధ్యత మెడకి చుట్టుకుంటుంది.

అందుకని ఒక ఏడు రెండు క్వింటాళ్లు కొనండి. మరుసటేడు ఏమీ కొనకండి. మూడో ఏడు హఠాత్తుగా పది క్వింటాళ్లు వారం రోజుల్లో కావాలనండి. వాళ్లు విసుగెత్తి జీడిపిక్కల పనికి పోతారు. అప్పుడు "స్థానిక విత్తనం లభ్యం కాలేదు" అని ఫైలులో రాయండి, అది నూటికి నూరుపాళ్లు నిజమే అవుతుంది. అమెరికా 2015లో దేశం మొత్తానికి విత్తన వ్యూహం రాసుకుంది. అయినా అడవి గింజల సరఫరా చాలడం లేదని 2023లో అక్కడి జాతీయ అకాడమీలే నివేదిక ఇచ్చాయి. పెద్ద కార్చిచ్చు వచ్చాక హడావుడిగా కొనడం, మిగతా రోజుల్లో మరిచిపోవడం అక్కడా ఉన్నదే. ఎవరైనా నిలదీస్తే ఈ ఉదాహరణ చెప్పండి, ఇంటర్నేషనల్ లెవెల్లో ఉంటుంది.

3. గింజని సంచిలో కట్టేసి మరిచిపోండి. వేప గింజ రెండు మూడు వారాలు దాటితే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది, నేరేడూ అంతే. కాబట్టి గుజ్జు పూర్తిగా కడగకుండా, తడి మీదే పాలిథిన్ సంచిలో బిగించి సిమెంటు బస్తాల పక్కన పెట్టించండి. నాలుగో రోజుకి సంచి లోపల నీటి బొట్లు పడతాయి, పదో రోజుకి తెల్లటి బూజు వస్తుంది. సంచి మీద మార్కరుతో "నాణ్యమైన విత్తనం" అని ఉంటే బూజు ఎవరూ చూడరు. గింజ చీల్చి చూడడం తెలిసిన ఆఫీసరు వస్తే మాత్రం జాగ్రత్త: లోపలి పప్పు పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగు తిరిగితే చచ్చినట్టు. ఆయన చేతికి కత్తి బదులు కొబ్బరిబోండాం అందించండి.

రేల గింజ ఇంత తేలిగ్గా చావదు. దాని పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి నానబెడితే గానీ నీరు పీల్చదు. నానబెట్టకండి. అలాగే చల్లండి, ఏళ్ల తరబడి రాయిలా పడి ఉంటుంది. తడి గోనెపట్టాలో వంద గింజలు పరిచి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టే పరీక్ష ఖర్చులేనిదే గానీ, నిజం బయటపెడుతుంది. మొలక శాతం గడిలో 80 అని రాస్తే సరిపోతుంది.

4. గింజ ఏ ఊరి చెట్టుదో రాసే గడి ఖాళీగా ఉంచండి.

5. అందుబాటులో ఉన్నది నాటండి. కడియం మనకి దగ్గరే, అక్కడ ఏ మొక్కైనా దొరుకుతుంది; మీరు మాత్రం త్వరగా ఎదిగేవే అడగండి. కోనోకార్పస్ అయితే ఫొటోకి త్వరగా పనికొస్తుంది. తెలంగాణ దాన్ని ఆపేసింది, గుజరాత్ 2023లో నిషేధించింది అంటారు. ఆ గొడవ మీ దాకా వచ్చేసరికి మీకు బదిలీ అయిపోతుంది. జామాయిల్ కూడా మంచిదే. గ్రావెల్ గొయ్యిలో పైమట్టి ఉండదు గనుక ముందు గడ్డి, వెంపలి, తంగేడు నిలబడి మట్టిని పట్టాలని, ఆ తర్వాతే చెట్లని తెలిసినవాళ్లు చెబుతారు. వినకండి. వెంపలి పక్కన నిలబడి ఏ ఎమ్మెల్యే ఫొటో దిగుతాడు?

6. విత్తన బంతుల పండగ చేయండి. బడి పిల్లల్ని రెండు బస్సుల్లో దించండి, వెనకాల నరసింహస్వామి కొండ కనబడేలా ఫ్లెక్సీ కట్టండి, డ్రోను ఒకటి అద్దెకి తెప్పించండి. చెక్కురాయిలా గట్టిపడ్డ నేల మీద బంతులు దొర్లి పల్లానికి చేరతాయి, మధ్యాహ్నానికి చీమలు గింజలు మోసుకుపోతాయి. పులిహోర పొట్లాలు మాత్రం లెక్క తగ్గకుండా చూసుకోండి.

7. గింజ ఏరినవాళ్ల కూలిని పద్దులో చివరి గీతగా పెట్టండి. ముందు షెడ్డు, బోర్డు, కారు అద్దె, రాజమండ్రి హోటల్లో శిక్షణ తరగతి రాయండి. ఇంకా డబ్బు కావాలంటే కాంపా పేరెత్తండి: పరిహార వనీకరణ నిధి చట్టం 2016లో వచ్చింది, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకి 47,436 కోట్లు అందజేసింది. అంత అంకె ముందు మీ కారు అద్దె కనిపించదు. ఆడిట్‌కి భయపడకండి. ఈ వనీకరణ సొమ్ము మీద కాగ్ 2013లో నివేదిక ఇచ్చింది, అందులో చూసింది 2006 నుంచి జరిగిన ఖర్చు. అంటే మీకు చాలా టైముంది.

8. మొక్కలు చచ్చాక గ్యాప్ ఫిల్లింగ్ కింద మళ్లీ అంచనా వేయండి. కారణాలు నెలవారీగా సిద్ధంగా పెట్టుకోండి: మేలో ఎండ, ఆగస్టులో మేకలు, నవంబరులో తుపాను. మేకల్ని మరీ ఎక్కువ వాడకండి, ఎవరివని అడుగుతారు.

వచ్చే ఏడు ఇండెంటుకి కొత్తగా కూర్చుని రాయక్కర్లేదు. పాతదే తీసి, పై వరసలో సంవత్సరం మార్చి, జెరాక్సు తీయించి, అటెస్టేషను చేయించి పంపండి. కింద సంతకం దగ్గర కూడా తేదీ ఉంటుంది, అదీ మార్చండి.