చిటికెన వేలికి హాజరు లేదు

మా గండిలో పాపాఘ్ని నది రెండు కొండల నడుమ దూరే చోట బంగారు తోరణం ఉందంటారు. లంక నుంచి తిరిగొచ్చే రాముడి కోసం వాయుదేవుడు కట్టినదట. అది అందరి కంటా పడదు. దత్తమండలాల కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో దొరకు కనబడిందట. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం చూసినవాడు ఎక్కువ రోజులు బతకడని మా వాళ్ళ నమ్మకం. కలరాను మాత్రం ఎవరూ తప్పు పట్టరు.

ఇలాంటి తోరణమే ఇంకోటి ఉంది. బోధనాసుపత్రులకు తనిఖీ రోజున వెలుస్తుంది. ఆ రోజు ప్రతి మంచానికీ ఉతికిన దుప్పటి, ప్రతి దుప్పటి కిందా ఒక రోగి, ప్రతి రోగి పక్కనా ఒక ప్రొఫెసరు. తనిఖీ కారు గేటు దాటగానే దుప్పటి బీరువాలోకి, ప్రొఫెసరు సొంత క్లినిక్కులోకి. ఈ తోరణం చూసినవాళ్ళు నిక్షేపంగా ఉంటారు. ప్రమాదమల్లా మరుసటి రోజు వచ్చే రోగికే.

దీన్ని ఆపాలని జాతీయ మెడికల్ కమిషన్ ప్రొఫెసర్ల హాజరుకు వేలిముద్ర యంత్రం పెట్టింది. దానికీ విరుగుడు దొరికింది. 2025లో సీబీఐ పెట్టిన కేసులో నకిలీ వేళ్ళతో హాజరు వేశారన్న ఆరోపణా ఉంది. గండి కొండరాతి మీద బాణం మొనతో ఆంజనేయుణ్ణి గీసిన రాముడు ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి పూర్తిచేయకుండానే బయలుదేరాడని కథ. తర్వాత ఎవరో శిల్పి ఉలితో సరిచేయబోతే రక్తం కారిందట. రాముడు వదిలేసిన పనిని మనవాళ్ళు రక్తం చుక్క కారకుండా కానిచ్చారన్నమాట. ఇప్పుడు వేలు చాలదు, ముఖం చూపించమంటున్నారు. ముఖం చూపించడం, ఆనక ముఖం చాటేయడం కొత్తగా నేర్పాల్సిన విద్యలా?

కాలేజీకి మార్కులేసేటప్పుడు మంచాలు లెక్కపెడతారు, అధ్యాపకులను లెక్కపెడతారు, గదుల కొలతలు చూస్తారు. హౌస్ సర్జన్ నిద్ర మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. రెసిడెంటుకు ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ వేయొద్దని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్ళలో 26 గంటల అభివృద్ధి! అమెరికాలో 2003 నుంచి పరిమితి 80. అక్కడ రెసిడెన్సీ చేసే మన పిల్లలు ఆ 80 గురించి ఫోన్లో గోడు వెళ్ళబోసుకుంటే, ఇక్కడి పీజీ ఆశగా అడుగుతాడు: "80 కాంగానే ఇంటికి పంపిస్తారా అన్నా?"

ఇంటర్న్‌షిప్ సంగతీ అంతే. 2021 నిబంధనల ప్రకారం ఏడాదిలో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్, మిగతావి తలా కొన్ని వారాలు. లాగ్‌బుక్కులో అన్నీ పొందికగా ఉంటాయి. రాయని విభాగం ఒకటుంది: రక్తం సీసాలు ల్యాబుకు మోయడం, రిపోర్టు కోసం కిటికీ దగ్గర నిలబడటం, అటెండరు కనబడకపోతే స్ట్రెచర్ తొయ్యడం. ఆ విభాగంలో ఫెయిలైనవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వేంపల్లెలో మా చెల్లెలి కూతురు పీజీ కౌన్సెలింగుకు ఆప్షన్లు పెడుతోంది. ఆ పిల్ల పట్టికలో ర్యాంకులూ లేవు, గుర్తింపు పత్రాలూ లేవు. "మామా, స్టైపెండు నెలనెలా పడుతుందా? ఆపరేషన్లో కత్తి పట్టుకోనిస్తారా, మూడేండ్లూ రిట్రాక్టర్ పట్టుకుని నిలబడాల్నా? రాత్రి ఫోన్ చేస్తే పెద్ద డాక్టరు ఎత్తుతాడా?" మూడే ప్రశ్నలు. సీనియర్లకు ఫోన్ చేసి అరగంటలో తేల్చేసింది. కమిషన్ వాళ్ళకు విమానం టికెట్లు దండగ.

పులివెందులది మరీ విడ్డూరం. 2024లో కమిషన్ అక్కడి కొత్త మెడికల్ కాలేజీకి 50 సీట్లిస్తే, రాష్ట్ర ప్రభుత్వమే మాకొద్దని ఉత్తరం రాసింది. వసతులు చాలవని ఒక పార్టీ, ఎందుకు చాలవని ఇంకో పార్టీ. పిల్లోడు పాసైతే నాయనే బడికి పోయి, కాదు మావాడు తప్పినాడని చెప్పొచ్చినట్టుంది.

పోయిన శ్రావణంలో ఒక శనివారం గండి తిరునాళ్ళలో మా వీధి తాత బండ మీద జారి పడ్డాడు. తల పగిలింది. అర్ధరాత్రికి ఒక సర్కారు ఆసుపత్రికి చేర్చాం. క్యాజువాలిటీలో ఒక్కడే హౌస్ సర్జన్, మీసాలు కూడా సరిగా రాలేదు. ఎవరో సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే కుట్లేస్తున్నాడు. చెయ్యి మాత్రం వణకలేదు.

"ఎన్ని పడతాయి నాయనా?"

"నీకు ఆరు తాతా. ఈ రాత్రికి లెక్క మర్చిపోయినా."

"తిన్యావా?"

"పొద్దన రెండు ఇడ్లీలు తిన్యా."

తాత పంచె కొంగున కట్టిన ఆకుపూజ ప్రసాదం, వడ ఒకటి, విప్పాడు. పిల్లోడి రెండు చేతులకూ గ్లవ్స్, వాటి నిండా నెత్తురు. పడుకున్న తాతే ముక్క తుంచి పిల్లోడి నోట్లో పెట్టాడు. నములుతూనే ఆరో కుట్టు వేసేశాడు.