హితవాక్యమునకు నెల్లూరు టీక

మూలము: "లక్ష్యం రాసుకో, ప్లాన్ వేసుకో, కానీ ఫ్లోలో ఉండు."

అవతారిక: రొయ్యల రైతుల పిల్లలకు వ్యక్తిత్వ వికాసము ప్రసాదింప నగరమునుండి విచ్చేసిన ఒకానొక ఆచార్యుడు, మైపాడు రోడ్డులోని కల్యాణమండపమున, ప్రొజెక్టరు వెలుగులో సెలవిచ్చినది.

ప్రతిపదార్థము: సులభము. వదలితిమి.

అన్వయము: కుదరదు. పని నెరవేరినచో ప్లాన్ మహిమ. చెడినచో నీవు ఫ్లోలో లేవు. ఆచార్యునికి ఓటమి లేదని భావము.

ప్రమాణము: మన నెల్లూరి తిక్కన, నన్నయ ఆపిన చోట అందుకొనక, అరణ్యపర్వశేషము విడిచి విరాటపర్వముతో మొదలిడెను. పదునైదు పర్వములు పూర్తి చేసెను. విడిచిన ముక్క ఎఱ్ఱన వచ్చుదాక ఆగినది. ఇది ప్లానా, ఫ్లోనా?

విశేషము: అక్కరలేనిది చెప్పనని మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకొనెను. మాకా ఒట్టు లేదు గనుక రొట్టెల పండుగ ఎత్తుకొందుము. మొహర్రంలో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులోకి దిగి చూడండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె. ఏ కోరికకు ఆ రొట్టె. ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచే అందుకుని తినాలి. తీరాక రొట్టెతో వచ్చి ఇంకొకరికివ్వాలి. గడువు లేదు, ఎప్పుడు తీరితే అప్పటి మొహర్రమే. ముక్కూమొహం తెలియని ఆడమనిషి "ఏం రొట్టె కావాలమ్మా?" అనడిగితే, ఇంట్లో అత్తకు కూడా చెప్పని మాట నీళ్లలో నిలబడి చెప్పేస్తారు. ఆమె నవ్వదు. ఆమెకూ పోయినేడు అదే కోరిక. మతమేదని ఎవరూ అడగరు. ఇక ఆ రొట్టె రుచి...

మూలమెచటనో జారినది. వెదకుదము.

పూర్వపక్షము: "ఈ తీరంవాళ్లకు ప్లానింగ్ లేదు" అని ఆచార్యుడు.

ఖండనము: గుంట ఎండగట్టి, సున్నం చల్లి, సీడు పోసి, మేత అప్పు తెచ్చి, కరెంటు పోతే ఏరేటర్లు ఆగకుండా జనరేటరు పెట్టుకున్నవాడికి ప్లాన్ లేదా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. గుంటలో వెనామీ రొయ్యకు ఆ సంగతి తెలియదు, అది మేత అడుగుతూనే ఉంటుంది. ఫ్లోలో ఉంటే వడ్డీ ఎవరు కడతారయ్యా? సముద్రంలో చేపల వేటకు పోదామంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. నవంబరు వస్తే వాయుగుండం. వీళ్ల ప్లానులు ఢిల్లీలోనూ వాషింగ్టన్‌లోనూ వేస్తున్నారు. క్లాసు మాత్రం వీళ్లకు!

తాత్పర్యము: ఆచార్యుడు ఫీజు ముందే పుచ్చుకొనెను; ఇది ప్లాన్. మధ్యాహ్నము చేపల పులుసు బాగున్నదని మూడు మార్లు వడ్డించుకొనెను, ఇది ఫ్లో.