హెల్మెట్ చాటు బజ్జీ

ఆకలి కడుపులో పుడుతుందనీ, మనసు గట్టిదైతే దాన్ని అణిచి పారేయొచ్చనీ నమ్మిన మహామేధావిని నేను. బరువు తగ్గాలంటే రాత్రి అన్నం మానేసి నోరు మూసుకుంటే చాలనుకున్నాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఉపన్యాసం దంచేవాణ్ణి. మూడో అంతస్తులో ఉండే షుగర్ పెద్దాయనకైతే, "అంతా పట్టుదల సార్!" అని లిఫ్టులో ప్రత్యేక క్లాసు. మనలో మాట, రెండు కిలోలు తగ్గగానే ఊరికంతా డాక్టరైపోని వాడెవడండీ?

కొన్నాళ్లకు చిరాకు మొదలైంది. కలలో కూడా తాలింపు వాసనే. ఓ రాత్రి పాలప్యాకెట్ వంకతో బండి తీశాను. గండిమైసమ్మ చౌరస్తాలో మిర్చిబజ్జీలు వేగుతున్నాయి. బండి నేను ఆపానో, అదే ఆగిందో! ఎవరైనా చూస్తారని హెల్మెట్ తియ్యలేదు. అద్దం ఎత్తాను, బజ్జీ తోశాను, నాలుక భగ్గుమంది, తల విదిలించాను, అద్దం టపీమని పడింది, సగం బజ్జీ లోపల, సగం బయట! అద్దమంతా నూనె. ఆ మసకలోంచి మూడో అంతస్తు గొంతు: "హెల్మెట్ తీసి తినున్రి సార్, బండి నంబర్ చూసే గుర్తుపట్టిన." సిగ్గుతో చచ్చాను. ఆయన చేతిలోనూ పొట్లం చూశాక ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆకలి మీద పెత్తనం కడుపుది కాదట. మెదడు అడుగున బాదంగింజంత ఉండే హైపోథాలమస్‌దట. అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో కనిపెట్టిన లెప్టిన్ అనే హార్మోన్ కొవ్వు కణాల్లో పుట్టి, "నిల్వలున్నాయి" అని మెదడుకు కబురు పంపుతుంది. తిండి కోసేస్తే లెప్టిన్ పడిపోతుంది. కరువొచ్చిందనుకుని మెదడు ఆకలి పెంచేస్తుంది, ఒంట్లో శక్తి ఖర్చు తగ్గించేస్తుంది. నేను పట్టుదల అనుకున్నది దానికి కరువు!

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1990లలో లావు ఎలుకల రకం ఒకటి బయటపడింది. వాటి ఒంట్లో లెప్టిన్ దండిగా ఉన్నా మెదడుకు ఆ కబురు అందదు. అందుకే తింటూనే ఉంటాయి, కిలో దాటి పెరుగుతాయి. ఇది చదివి ఎగిరి గంతేశాను. "నాది కక్కుర్తి కాదు, నా మెదడుకు లెప్టిన్ కబురు అందట్లేదు!" అని ఇంట్లో ప్రకటించాను. అంతటితో ఆగానా? మా ఆవిడకు ఎలుకల ఫోటో కూడా చూపించాను.

"అవి బండేసుకుని చౌరస్తాకు పోతయా?" అంది.

కనుక మిత్రులారా, ఒక్కసారిగా కడుపు మాడ్చకండి, మెదడు పగబడుతుంది. మెల్లగా తగ్గించండి, కంటినిండా నిద్రపోండి. నిద్ర తగ్గినా ఆకలి పెరుగుతుంది. తగ్గలేని వాణ్ణి చూసి పట్టుదల లేదని మాత్రం అనకండి. అన్నవాడి గతి చూశారుగా!