మహారాజశ్రీ పేషెంట్ ఎక్స్‌పీరియన్స్ హెడ్ గారి దివ్యసముఖమునకు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక గెస్టుగారి కొడుకు నమస్కరించి చేయు విన్నపములు.

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని ఊరి మొదట్లో మీ హోర్డింగు చూస్తేనే తెలుస్తోంది. మా వైపు మాత్రం మా అమ్మ కుడి మోకాలు అంత కుశలంగా లేదు.

నిన్న సాయంత్రం మీ దగ్గర్నుంచి అమ్మ ఫోనుకి మెసేజ్ వచ్చింది. 'డియర్ గెస్ట్, మాతో మీ కేర్ జర్నీ ఎలా ఉంది? అయిదు స్టార్లలో ఎన్ని ఇస్తారు?' అని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుని చదివి, "ఎవర్రా వీళ్ళు? మనం ఎక్కడికి ప్రయాణం చేశాం?" అంది. ఆసుపత్రి వాళ్ళమ్మా అన్నాను. "మరి గెస్టెవరు?" అంది. నువ్వే అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "చుట్టాన్నయితే కూచోమనలేదేం?" అంది.

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ హోదాలో 'ఎక్స్‌పీరియన్స్' అనే మాట ఉంది కాబట్టి మీ దగ్గర ఉంటుందని ఈ లేఖ.

జరిగింది చిన్న విషయమే. మోకాళ్ళ ఓపీ మీరు పై అంతస్తులో పెట్టారు. లిఫ్టు మీద 'స్ట్రెచర్లకు మాత్రమే' అని కాగితం అంటించారు. 'నెక్స్ట్ లెవెల్ కేర్' అని హోర్డింగు మీద చూసినప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, మెట్లు చూశాక అర్థమైంది, నెక్స్ట్ లెవెల్‌కి మేమే ఎక్కిరావాలని. సరే, ఎక్కింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టుకుంటూ ఎక్కింది. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మాట రావడం లేదు. "బాబూ, కాస్త చెబుతావా నాయనా, ఇంకా ఎంతసేపు పడుతుందో? నిలబడలేకపోతున్నాను" అంది.

కౌంటర్లో అబ్బాయి మెళ్ళో ట్యాగు మీద 'హ్యాపీనెస్ అంబాసిడర్' అని ఉంది. అతను తలెత్తలేదు. కంప్యూటర్‌కీ ఫోనుకీ మధ్య ఎక్కడో చూస్తూ, "చిల్, ఆంటీ" అన్నాడు.

పైన ఏసీ జోరుగా తిరుగుతోంది. అమ్మ పమిట కొంగు భుజాల నిండా కప్పుకుని, "అవును నాయనా, చలిగానే ఉంది" అంది.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అతను కూడా నవ్వాడు. పక్కనే కుర్చీ ఉంది, సార్. ఖాళీ కుర్చీ. దాని మీద మీ రంగురంగుల బ్రోషర్లు కట్టలు కట్టి పెట్టారు. పై బ్రోషర్ మీద బంగారు రంగు అక్షరాలు: 'మీరు మా పేషెంట్ కాదు, మా ఫ్యామిలీ'.

ఇక్కడిదాకా మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు.

ఏ ఫ్యామిలీలో, సార్? ఏ ఇంట్లో పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఆయాసపడుతుంటే కుర్చీ మీద కాగితాలు కూర్చుంటాయి? ఫ్యామిలీ అన్నాక ముందు మంచినీళ్ళు ఇస్తారు. ఆ తర్వాతే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. మీ ఫ్యామిలీలో మొట్టమొదటి పలకరింపు, రోగి నంబరు అడుగుతూ, 'యూహెచ్‌ఐడీ చెప్పు'. 'చెప్పండి' కూడా కాదు, 'చెప్పు'. ఆ ఒక్క 'అండి'కి జీఎస్టీ ఏమన్నా పడుతుందా? గోదావరి జిల్లాల్లో ఒకటి చాలదని 'కూర్చోండండీ' అని రెండు పెడతారు, అక్కడెవరూ దివాలా తీయలేదు. వరంగల్లులో 'కూసోన్రి' అంటారు, ఆ ఒక్క 'రి'లోనే మర్యాదంతా పెట్టేస్తారు. మీకు రెండూ అక్కర్లేకపోయె. మీకు 'వేరే లెవెల్' కావాలి, 'సీమ్‌లెస్' కావాలి, 'జర్నీ' కావాలి. మోకాలి నొప్పి కూడా జర్నీయేనా? మరి చచ్చిపోతే ఏమంటారు, డెస్టినేషనా?

క్షమించండి. కోపంలో వచ్చిన మాట, తీసేయడం లేదు.

పాత రోజుల్లో అంతా మర్యాదేనని బుకాయించను. మా కొత్తపేట డాక్టర్ల దగ్గర కాంపౌండర్లు దేవదూతలేమీ కారు. చీటీల వరస తప్పితే కసిరేవారు. తెలిసినవాళ్ళని దొడ్డిదారిన పంపేవారు. కానీ ఆ కసురు ఎలా ఉండేదంటే, "ఏం మామ్మగారూ, మీకెన్నిసార్లు చెప్పాలి, పోయి ఆ బల్ల మీద కూచోండి, నేను పిలుస్తాగా!" తిట్టులోనే బల్ల ఉండేది. పిలుస్తానన్న హామీ ఉండేది. డెబ్భై దాటిన మనిషి ఆంటీ కాదు, మామ్మగారు అన్న లెక్క ఉండేది. వెళ్ళేటప్పుడు ఆ కాంపౌండరే, "ఇంక మీరు రావాల్సిన పన్లేదు లెండి, ఆ మందు వాడండి చాలు" అని సాగనంపేవాడు. ఆసుపత్రిలో 'మళ్ళీ రండి' అనకూడదని ఎవరూ అతనికి ట్రెయినింగ్ ఇవ్వలేదు, తెలుసు. మీ గాజు తలుపు మీద లోపలి వైపు ఏం రాయించారో ఒకసారి వెళ్ళి చూడండి. 'థాంక్యూ, విజిట్ ఎగైన్'. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి సరిపోయింది, వస్తే ఇంటికెళ్ళి దిష్టి తీయించుకునేది.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. అందులో 17 హక్కులున్నాయి. రోగి గౌరవానికి భంగం కలగకుండా చూడటం కూడా వాటిలో ఉంది. మీరు దాన్ని పెద్ద ఫ్రేము కట్టించి పెట్టారు, సంతోషం. క్యాంటీన్‌కి వెళ్ళే సందులో పెట్టారు, ఇంగ్లీషులో పెట్టారు, ముందు ఒక ప్లాస్టిక్ మొక్క కూడా పెట్టారు. ఆ మొక్క పక్కకి జరిపి చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా అనుమానం.

అన్నట్టు, ఆగస్టు 29న మీ ఫోన్ నుంచే మాకు తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు వచ్చాయి, గిడుగు రామమూర్తి గారి బొమ్మతో సహా. పాపం ఆయన జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని జీవితాంతం పోరాడారు. కాబట్టి 'చిల్' అన్నందుకు ఆయన కోప్పడేవారని నేననను. సవర గిరిజనుల మధ్యకి వెళ్ళి, వాళ్ళ నోట విన్న మాటలు రాసుకుని, ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ చేసిన మనిషి, మీ కౌంటర్ దగ్గర నిలబడితే ఆ మాట కూడా రాసుకునేవారేమో. అయితే వినడం అంటే ఆయనకి తెలుసు. తలెత్తి, ఎదుటివాడి మొహం చూసి వినడం. మీ కౌంటర్లో కొరత మాటలకి కాదు, ఆ తలెత్తడానికి.

మాటలు ఇలా అయ్యాయని సినిమా వాళ్ళ మీద పడి ఏడవడం తేలిక. నేను కూడా కాసేపు ఏడుస్తాను, అలవాటు. ఊచకోత అనే మాట నేను జలియన్‌వాలాబాగ్ పాఠంలో నేర్చుకున్నాను. ఇప్పుడది శుక్రవారం మార్నింగ్ షో కలెక్షన్లకి వాడుతున్నారు. విధ్వంసం, అరాచకం, ఇవన్నీ పొగడ్తలు. మొన్నొకాయన యూట్యూబ్‌లో నెయ్యి కారం దోసె తిని 'అరాచకం' అన్నాడు. దోసె వేసినాయన చేతులు కట్టుకుని సంతోషపడ్డాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన తండ్రి పోయిన కబురు పెడితే, కింద వరసగా బొటనవేళ్ళు. మధ్యలో ఒకరు 'స్ట్రాంగ్‌గా ఉండు బ్రో'. ఎదురు ఫ్లాటు వాళ్ళు! తలుపు తీసి నాలుగడుగులు వేస్తే ఆయన ఇల్లు. పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడం పోయి పీడీఎఫ్ వచ్చింది, సరే, పెట్రోలు ఖర్చు అనుకుందాం. దాని కింద 'సేవ్ ద డేట్' తప్ప 'తప్పక రావాలి' అన్న ముక్క లేదు. తేదీ దాచుకోమంటారు గానీ రమ్మనరు. మళ్ళీ రాకపోతే నిష్ఠూరాలు.

వీటిలో ఏదీ మీ శాఖ కాదు, నాకు తెలుసు. ఎవరికి రాయాలో తెలియక ఇందులోనే కలిపేశాను.

సినిమా మాటల దగ్గర నాకొక చిక్కు వచ్చి పడింది. మమ్మల్ని మీ ఆసుపత్రికి తెచ్చిన ఆటో వెనక అద్దం మీద 'తగ్గేదేలే' అని ఎర్ర అక్షరాలున్నాయి, 'పుష్ప' బొమ్మతో. కుర్రాడు చెవిలో తీగ పెట్టుకుని, బ్రాడీపేట గుంతలన్నీ ఎగిరించుకుంటూ తెచ్చాడు. ఇతనెవడ్రా బాబూ అనుకున్నాను. మీ గేటు దగ్గర ఆపి, నేను డబ్బులు లెక్కపెడుతుంటే తను దిగివచ్చి, అమ్మ వైపు చెయ్యి చాపి, "మెల్లగా, మామ్మగారూ, నొప్పి కాలు ముందు పెట్టండి, ఎడం కాలు తర్వాత" అన్నాడు. ఏ కాలు నొప్పో మేం చెప్పలేదు. ఎక్కేటప్పుడే చూసుకున్నాడు. తగ్గేదేలే అని రాసుకున్నవాడు వంగి ఆవిడ చెప్పు సరిచేశాడు. అతనికి హోదా లేదు, ట్యాగు లేదు. అతన్ని రేట్ చేయమని ఎవరూ మెసేజ్ పెట్టలేదు.

అసలు మంట ఇంకా చెప్పలేదు. అమ్మకి 'చిల్' చెప్పిన కాసేపటికి ఇంకొకాయన వచ్చారు. వయసు నాకంటే తక్కువే. కారు తాళం కౌంటర్ మీద ఠంగుమని పెట్టి, "రేయ్ తమ్ముడూ, ఎంతసేపు?" అన్నారు. మీ అంబాసిడర్ చటాలున లేచి నిలబడ్డాడు. "టూ మినిట్స్ సార్, ప్లీజ్ హావ్ ఎ సీట్" అన్నాడు. అని, తనే ఇవతలికి వచ్చి, ఆ బ్రోషర్ల కట్టలు తీసి కింద పెట్టి, కుర్చీ చేత్తో తుడిచాడు.

అంటే వచ్చు, సార్. కూర్చోమనడం అతనికి వచ్చు. ఇంగ్లీషులో వచ్చు, కారున్నవాళ్ళకి వచ్చు, 'రేయ్' అన్నవాళ్ళకి వచ్చు. 'నాయనా' అన్న మనిషికే రాలేదు.

నేనేదో అనబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊరుకోరా, పొద్దున్నించీ ఆ కుర్చీలోనే ఉన్నట్టున్నాడు, తిన్నాడో లేదో" అంది. తర్వాత గమనించాను. ఆ కౌంటర్లో అతనొక్కడే. ఫోను అతనే, బిల్లు అతనే, టోకెన్లు అతనే. వచ్చే ప్రతివాడూ అతని మీదే అరుస్తున్నాడు. మీరు అతనికి హ్యాపీనెస్ అని పేరు పెట్టి, సాయంగా ఇంకొకరిని మాత్రం పెట్టలేదు. 'చిల్' అని అతను అమ్మకి చెప్పాడో, తనకి తాను చెప్పుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. కాబట్టి ఈ ఉత్తరం చూపించి ఆ పిల్లవాణ్ణి పీకేయకండి. అలా చేశారంటే ఆ ఉసురు మా అమ్మకి చుట్టుకుంటుందని ఆవిడ బెంగ. 'కమ్యూనికేషన్ స్కిల్స్ వర్క్‌షాప్' అని ఒకరోజు మూసిన గదిలో కూర్చోబెట్టి ఇంకో పది ఇంగ్లీషు మాటలు నేర్పి పంపకండి, అది మరీ ఘోరం.

స్టార్లు ఇవ్వమన్నారు కదా. డాక్టరుగారికి అయిదూ ఇచ్చేస్తాం. ఆయన అమ్మ మోకాలు రెండు చేతులతో పట్టుకుని, "ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందామ్మా?" అని అడిగారు. బిల్లు మీద నా కోపం అక్కడే సగం చల్లారింది. మిగతావాటికి ఎన్ని ఇవ్వాలో తెలియక మెసేజ్ అలాగే ఉంచాను. మీ కంప్యూటరు నిన్నటి నుంచీ గుర్తుచేస్తూనే ఉంది, మమ్మల్ని అంతగా గుర్తు పెట్టుకున్నది మీ దగ్గర అదొక్కటే.

వచ్చే నెల ఎక్స్‌రే తీయించుకుని మళ్ళీ రమ్మన్నారు. ఆ వారం నాకు సెలవు దొరికేలా లేదు. అమ్మ ఒక్కతే వస్తుంది. ఆవిడ రెండోసారి అడగదు, సార్. అడిగితే ఆ అబ్బాయికి ఇబ్బంది అనుకుంటుంది. నిలబడే ఉంటుంది. అందుకని బతిమాలుకుంటున్నాను, వెటకారం కాదు. ఆ బ్రోషర్లు ఇంకెక్కడైనా పెట్టించండి. ఇంగ్లీషులో అయినా సరే, ఎవరో ఒకరు ఆవిణ్ణి కూర్చోమనండి. అమ్మకి అర్థమవుతుంది, కుర్చీ చూపిస్తే ఏ భాషయినా అర్థమవుతుంది.

లిఫ్టు కుదరదంటే ఇంకొక్క చిన్న మనవి. మెట్ల మొదట్లో, సరిగ్గా రెయిలింగుకి అడ్డంగా, చేతులు జోడించి నవ్వుతున్న నర్సు అట్ట బొమ్మ నిలబెట్టారు. మీ ఆసుపత్రి మొత్తం మీద మాకు నమస్కారం పెట్టింది ఆవిడ ఒక్కతే కాబట్టి తీసేయమని అడగలేను. కాస్త పక్కకి జరిపించండి చాలు, పట్టుకుని ఎక్కడానికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
తమ గెస్టుగారి పెద్దబ్బాయి